చవక హార్డ్ డిస్కును ఎంతవరకు నమ్మవచ్చు?

స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూసే రోజుల్లో పిల్లలు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. "అంకుల్, తక్కువ ధరకే ఎక్కువ టెరాబైట్ల హార్డ్ డిస్క్ వస్తోంది, కొనవచ్చా?" అని. నేను కంప్యూటర్ ఇంజనీరును కాను. బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. అయితే ఈ ప్రశ్నలో సగం లెక్కల వ్యవహారమే కనుక నాకు తెలిసినంతవరకు చెబుతాను.

హార్డ్ డిస్కులో అయస్కాంత పూత పూసిన పళ్లేలు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంటాయి. వాటిని తాకకుండా, వెంట్రుక మందంలో వెయ్యోవంతు కన్నా తక్కువ ఎత్తులో, చదివే హెడ్డు కదులుతుంది. నడుస్తుండగా పెట్టె కింద పడితే హెడ్డు పళ్లేన్ని గీరేస్తుంది. 1956లో ఐ.బి.ఎం. తెచ్చిన మొదటి డిస్క్ యంత్రంలో 50 పళ్లేలు కలిపి పట్టింది సుమారు 5 మెగాబైట్లే. నేడు అరచేతిలో ఇమిడే పెట్టెలో ఒక కుటుంబం జ్ఞాపకాలన్నీ పడతాయి. అది పోతే అన్నీ ఒకేసారి పోతాయి.

ఇక లెక్కకు వద్దాం. కొన్ని డిస్కుల కాగితాల మీద సగటు ఆయుష్షు 10 లక్షల గంటలని రాసి ఉంటుంది. ఏడాదికి 8,760 గంటలు. భాగిస్తే 114 ఏళ్లు వస్తుంది! ఒక డిస్కు అన్నాళ్లు బతుకుతుందని దీని అర్థం కాదు. 114 డిస్కులు ఎడతెగకుండా నడిస్తే ఏడాదికి సుమారు ఒకటి పోవచ్చునని అర్థం. 2007లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సుమారు లక్ష డిస్కుల లెక్క తీశారు. ఏటా మార్చవలసి వచ్చినవి సాధారణంగా నూటికి 2 నుంచి 4, కొన్నిచోట్ల 13 దాకా ఉన్నాయి. ఖరీదైన రకాలకూ చవక రకాలకూ పెద్ద తేడా కనబడలేదు. అదే ఏడాది గూగుల్ సంస్థ వారు లక్షకు పైగా డిస్కులను పరిశీలించారు. పాడైనవాటిలో మూడోవంతుకు పైగా డిస్కులు తమ లోపాల నమోదులో ముందుగా ఏ హెచ్చరికా చూపలేదు.

ఈ సంగతి నాకు అనుభవం మీదే తెలిసింది. హోసూరులో మా అమ్మ పాడిన పెళ్లిపాటలను 2011లో రికార్డు చేసి, రెండు డిస్కులున్నా, ఖరీదైనదే గట్టిదని దాంట్లోనే దాచాను. ఆమె పోయిన మరుసటి ఏడు ఆ డిస్కు ఒక ఉదయం టిక్కు టిక్కుమని ఆగిపోయింది. చవకది మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. మా మేనల్లుడికి ఎప్పుడో సీడీలో కాపీ చేసి ఇచ్చిన మూడు పాటలే మిగిలాయి. గ్యారంటీ కింద కొత్త డిస్కు ఇచ్చారు. అమ్మ గొంతు ఎవరిస్తారు? బ్యాంకులో ఏనాడూ ఒకే పుస్తకాన్ని నమ్మని నేను, ఇంట్లో ఆ తప్పు చేశాను.

కనుక కొనేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి. పెట్టె మీద 1 టెరాబైట్ అని ఉండి విండోస్ 931 గిగాబైట్లు చూపితే మోసం కాదు. కంపెనీ వెయ్యితో, విండోస్ 1,024తో లెక్కిస్తాయి, అంతే. కానీ వేలెడంత పెట్టెలో 16 టెరాబైట్లు, అదీ కొన్ని వందల రూపాయలకే అంటే దూరంగా ఉండండి. అటువంటివాటిలో లోపల చిన్న మెమరీ కార్డే ఉంటుంది. అది నిండాక, రాసినట్టే చూపుతుంది గాని కొత్త ఫైళ్లు దక్కవు, ఒక్కోసారి పాతవీ చెడిపోతాయి. బిల్లు, గ్యారంటీ ఉన్నదే కొనండి.

నా లెక్కలో ఖరీదైనది ఒకటి కొనడం కన్నా, మామూలువి రెండు కొనడం మేలు. ఏటా నూటికి 4 పోయేవే అనుకున్నా, రెండూ ఒకే ఏడాది పోయే అవకాశం పదివేలకు 16 మాత్రమే. అయితే రెండూ ఒకే బీరువాలో ఉంటే ఒకే దొంగతనం, ఒకే వరద చాలు. అప్పుడు ఈ లెక్క చెల్లదు. ఒకటి బంధువుల ఇంట్లో ఉంచండి. మార్కుల జాబితాలు, కుల ధ్రువపత్రాలు, ప్రాజెక్టు రిపోర్టులు చిన్న ఫైళ్లే కనుక ఈమెయిల్‌లో కూడా పెట్టుకోండి. మూడు నెలలకొకసారి తెరిచి చూడండి. తెరవని కాపీని కాపీగా లెక్కకట్టవద్దు.

ఈ బులెటిన్ చదవడం పూర్తయ్యాక, ఇంట్లో ఒకే చోట ఉన్నవేమిటో ఒక కాగితం మీద రాయండి. ఈ ఆదివారమే వాటికి రెండో కాపీ తీయండి. ఇదే నా మనవి.