కారు కడిగే గంటకి ఖరీదెంత?

(కమ్యూనిటీ రేడియోలో ప్రసారమైన ప్రసంగానికి అక్షర రూపం)

ఈ వారం విషయం కాస్త కొత్తది. డల్లాస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోల్లో మనవాళ్ళ ఏ ఇంటి ముందు చూసినా రెండు కార్లు ఉంటాయి. ఆ కార్లని లోపలా బయటా శుభ్రం చేసి, మెరుగు పెట్టే పనిని డీటెయిలింగ్ అంటారు. దాన్ని సొంత వ్యాపారంగా మొదలుపెడితే ఎలా ఉంటుందని అడిగేవాళ్ళు ఎక్కువవుతున్నారు. కొంతమందికి ఉద్యోగం మీద నమ్మకం తగ్గింది. కొంతమంది పిల్లలు బడికెళ్ళాక దొరికే సమయంలో ఏదైనా చెయ్యాలనుకుంటున్నారు. కారణం ఏదైనా, ఇంట్లో దాచుకున్న డబ్బు పెట్టే ముందు లెక్క తెలియాలి కదా. ఇవాళ ఆ లెక్కే చెప్పుకుందాం.

నేను వృత్తిరీత్యా ఐటి కన్సల్టెంట్‌ని. కారుకి పాలిష్ పెట్టడం గురించి నాకన్నా బాగా చెప్పగలిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ గంటలు అమ్ముకుని బతకడం అంటే ఏమిటో మా వృత్తిలో ఉన్నవాళ్ళకి బాగా తెలుసు. బిల్ రేట్ వేరు, చేతికొచ్చేది వేరు, మధ్యలో బెంచ్ మీద కూర్చున్న రోజులు వేరు. డీటెయిలింగ్ కూడా అచ్చం అలాంటి వ్యాపారమే. అమ్మేది షాంపూ కాదు, మీ గంటలు.

ధరల్లోకి వెళ్ళే ముందు ఒక ముఖ్యమైన మాట. ఈ పని చట్టప్రకారం ఎవరు చెయ్యొచ్చు? సిటిజన్లు, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళు నిరభ్యంతరంగా చెయ్యొచ్చు. 2015 మే నెల నుంచి కొంతమంది హెచ్-4 వీసాదారులకి వర్క్ పర్మిట్ ఇస్తున్నారు. ఆ కార్డు చేతిలో ఉన్నవాళ్ళు సొంత వ్యాపారం కూడా చేసుకోవచ్చు. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు మాత్రం పిటిషన్ వేసిన కంపెనీకే పని చెయ్యాలి. శని, ఆదివారాల్లో కార్లు కడిగి డబ్బు తీసుకున్నా అది అనుమతి లేని పనే అవుతుంది. ఎఫ్-1 మీద చదువుకుంటున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ మరీ మరీ చెప్తున్నాను, "క్యాషే కదా, ఎవరికి తెలుస్తుంది" అనుకోవద్దు. రెండొందల డాలర్ల కోసం వీసా పోగొట్టుకునే పరిస్థితి వస్తుంది. ఇంకో సంగతి. 2025 అక్టోబరు 30న గానీ ఆ తర్వాత గానీ దాఖలు చేసిన వర్క్ పర్మిట్ రెన్యువళ్ళలో చాలావాటికి ఇదివరకటిలా ఆటోమేటిక్ పొడిగింపు లేదు. పాత కార్డు గడువు ముగిసి కొత్తది రాకపోతే పని ఆపాల్సిందే. అందుకే హెచ్-4 మీద ఉన్నవాళ్ళు కస్టమర్ల దగ్గర ఏడాది డబ్బు ముందుగా తీసుకోవద్దు. ఎవరి కేసు వాళ్ళది కాబట్టి ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒకసారి అడిగి మొదలుపెట్టండి.

ఇప్పుడు సర్వీసులు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు హోటల్ మెనూలాగా ఇరవై రకాలు రాస్తారు. మూడు చాలు. మొదటిది నెలనెలా చేసే మామూలు శుభ్రం: బయట కడగడం, లోపల వాక్యూమ్ చెయ్యడం, అద్దాలు తుడవడం. రెండోది లోపలి భాగం పూర్తిగా: సీట్లు, కార్పెట్లు, డాష్‌బోర్డు, తలుపుల సందులు. మూడోది లోపలా బయటా కలిపి పూర్తి డీటెయిల్. ఇందులో చేతికి గరుకుగా తగిలే మురికిని క్లే బార్‌తో తీసి, పైన వాక్స్ గానీ సీలెంట్ గానీ పెడతారు. వీటి మీద కుక్క వెంట్రుకలు తియ్యడం, పసుపుపచ్చబడ్డ హెడ్‌లైట్లు బాగుచెయ్యడం లాంటివి అదనం.

సెరామిక్ కోటింగ్‌లో డబ్బు ఎక్కువ వస్తుందని అందరూ మొదట దానికే ఆశపడతారు. దానికి ముందు మెషీన్‌తో పాలిష్ చేసి పెయింటు మీద గీతలు పోగొట్టాలి. పైనుండే క్లియర్ కోట్ మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు ఉంటుంది. మన తల వెంట్రుకకన్నా పలచన. పాలిష్ చేసిన ప్రతిసారీ అందులో కొంత అరుగుతుంది. చెయ్యి తిరగకముందే పక్కవాళ్ళ టెస్లా మీద ప్రయోగం చేస్తే, ఆ ఒక్క కారుకి రీపెయింట్ ఖర్చు కింద మీ ఆరునెలల లాభం పోవచ్చు. జంక్‌యార్డులో పాత బానెట్ ఒకటి కొని దాని మీద నేర్చుకోండి. కోటింగ్ సంగతి రెండో ఏడాది చూసుకోవచ్చు.

మన ఇళ్ళకి ప్రత్యేకమైన కొన్ని సంగతులూ ఉన్నాయి. పాట్‌లక్‌కి వెళ్తూ వెళ్తూ సీటు మీద సాంబారు ఒలుకుతుంది. పసుపు మరకకి క్షారగుణం ఉన్న క్లీనర్ కొడితే అది ఎర్రగా మారుతుంది. కుంకుమ తయారయ్యేదీ ఆ పద్ధతిలోనే కదా! కస్టమర్ హడలిపోతాడు. కాబట్టి ముందు కనపడని మూల పరీక్షించండి. కొద్దిగా మిగిలిన పసుపు రంగు ఎండకి దానంతటదే వెలిసిపోతుందని కూడా చెప్పండి. కొత్త కారుకి పూజ చేయించినప్పుడు బానెట్ మీద పెట్టిన కుంకుమని పొడిగుడ్డతో రుద్దొద్దు. ఆ పొడితోనే గీతలు పడతాయి. ముందు నీళ్ళతో జారిపోనివ్వాలి. పిల్లల కార్ సీటు బెల్టులకి గట్టి రసాయనాలు వాడొద్దని వాటి తయారీదార్లే చెప్తారు. ఆ సీటు తియ్యడం, తిరిగి బిగించడం తల్లిదండ్రుల్నే చెయ్యమనండి. అది పిల్లల ప్రాణాలకి సంబంధించిన విషయం.

ఇక అసలు ధర. చాలామంది పక్కవాడు ఎంత తీసుకుంటున్నాడో చూసి, దానికి ఇరవై తగ్గించి పెడతారు. పక్కవాడి ఖర్చులు మనకేం తెలుసు? మన ఖర్చు దగ్గర్నుంచి మొదలుపెడదాం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. నేను చెప్పే అంకెలు ఉదాహరణ కోసం, మీవి మీరు వేసుకోవాలి.

ఇంటింటికీ వెళ్ళి చేసే ఒక మనిషి వ్యాపారం అనుకుందాం. నెలకి ఇన్సూరెన్స్ 150, వ్యాన్ వాయిదా 350, ఫోను, బుకింగ్ సాఫ్ట్‌వేర్ 60, ప్రకటనలు 150, అరిగిపోయే సామాను కోసం దాచేది 90, అకౌంటెంట్‌కి 50. మొత్తం 850 డాలర్లు. ఒక్క కారు రాకపోయినా కట్టాల్సిన ఖర్చు ఇది. ఇంటికి నెలకి 3,200 మిగలాలి. పన్నుల కోసం 1,500 పక్కన పెట్టాలి. అన్నీ కలిపితే 5,550.

ఇప్పుడు గంటలు. వారానికి 40 గంటలు పనిచేస్తే నెలకి సుమారు 172. కానీ ఇవన్నీ బిల్ చేసే గంటలు కావు. డ్రైవింగ్, సామాను దించడం, ఎక్కించడం, ఫోన్లు, వాన పడ్డ రోజులు, ఇంటికొచ్చి టవల్స్ ఉతకడం ఉంటాయి. మైక్రోఫైబర్ టవల్స్‌ని సాఫ్ట్‌నర్ లేకుండా విడిగా ఉతకాలి, అదో పని. ఇవన్నీ పోగా 90 గంటలు మిగిలాయనుకుందాం. 5,550ని 90తో భాగిస్తే దాదాపు 62 డాలర్లు. ఇదీ మీ బిల్ రేట్.

చిన్న కారుకి పూర్తి డీటెయిల్ మూడున్నర గంటలు పడితే 217 డాలర్లు. రసాయనాలకి, పెట్రోలుకి 22 కలిపితే 239. క్రెడిట్ కార్డు వాడు తీసుకునే మూడు శాతం వేసుకుంటే ధర 250. ఎస్‌యూవీకి నాలుగున్నర గంటలు, 310. మూడు వరసల మినీవ్యాన్‌కి ఐదు గంటలు, 345. నెలవారీ శుభ్రం గంటుంపావు, సామానుకి 14 వేసుకుంటే 95. ఇవి మొదటి ధరలు. మురికి మరీ ఎక్కువుంటే పెరుగుతుందని ముందే చెప్పాలి. ఫోన్‌లో ధర ఖాయం చెయ్యకుండా లోపలివీ బయటివీ నాలుగు ఫొటోలు పంపమనండి.

ఇప్పుడు మనందరికీ తెలిసిన సీను. "ఏమ్మా, మనవాళ్ళమే కదా, నూట యాభైకి చేసెయ్యి" అంటారు ఒక అంకుల్. పెద్దాయన, కాదనలేం. ఏమవుతుందో చూడండి. 150లో సామాను 22 పోతే 128. మూడున్నర గంటలకి పంచితే గంటకి 36న్నర. అందులో నెలసరి ఖర్చుల వాటా తొమ్మిదిన్నర పోతే 27. మీరు బిల్ చేసే ఒక్కో గంట వెనక దాదాపు 1.9 గంటల శ్రమ ఉంది. కాబట్టి నిజంగా గంటకి వచ్చేది 14 డాలర్లు. పన్ను పోతే పది కూడా మిగలదు. అదే 250కి చేస్తే, ఇదే లెక్కలో, పన్నుకి ముందు గంటకి 29 వస్తుంది. అంకుల్ తగ్గించింది 40 శాతం. మీ కూలి తగ్గింది సగం. పైగా ఆయన వెళ్ళి పదిమందికి 150 అనే చెప్తారు, మెచ్చుకుంటూనే!

అలాగని మొహం మీద కాదనక్కర్లేదు. ధర తగ్గించకుండా పని తగ్గించండి. "అంకుల్, నూట యాభైలో లోపలి భాగం నీట్‌గా చేసి ఇస్తాను, బయటిది వచ్చే నెల చేయించుకుందురుగాని" అనొచ్చు. ఇంకో మార్గం, ఖర్చు నిజంగా తగ్గిన చోట డిస్కౌంట్ ఇవ్వడం. ఒకే వీధిలో మూడు కార్లు ఒకే రోజు దొరికితే రెండు ప్రయాణాలు మిగులుతాయి. ఆ మిగిలిన దాంట్లో వాళ్ళకీ కొంత ఇవ్వొచ్చు. "మీ పక్కింటివాళ్ళని కూడా అడగండి ఆంటీ, ఒక్కో కారుకీ ఇరవై తగ్గిస్తాను" అంటే అందరికీ సంతోషమే.

నెలనెలా వచ్చేవాళ్ళని సంపాదించుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. 95లో సామాను పోగా 81 మిగులుతుంది. అలాంటివాళ్ళు పదకొండు మంది ఉంటే 891. మీ 850 నెలసరి ఖర్చు వాళ్ళతోనే గట్టెక్కుతుంది. మొదటి నెలల్లో వారానికి ఆరు పూర్తి డీటెయిల్స్ ఎవరికీ దొరకవు. కనీసం ఆరు నెలల నెలసరి ఖర్చు, అంటే 5,100, సామాను కొనకముందే పక్కన పెట్టండి. అది లేకపోతే ఇంకొన్నాళ్ళు ఆగడమే మంచిది.

మన డల్లాస్ ఎండల్నీ లెక్కలో వేసుకోవాలి. వేసవిలో వందకి పైన ఫారెన్‌హీట్‌లో, కాలిపోయే బానెట్ మీద సబ్బు నీళ్ళు క్షణాల్లో ఆరిపోయి మచ్చలు పడతాయి. పొద్దున్న ఒకటి, సాయంత్రం నీడపట్టున ఒకటి, అలా పెట్టుకోవాలి. వసంతంలో ఓక్ చెట్ల పుప్పొడి కురిసినప్పుడు గిరాకీ ఎక్కువ. వడగళ్ళ వాన హెచ్చరిక వస్తే బుకింగ్ రద్దు చేసుకునే పద్ధతి ముందే రాసి పెట్టుకోండి.

నీళ్ళ సంగతి. వంద గ్యాలన్ల నీటి బరువు 834 పౌండ్లు. మామూలు మినీవ్యాన్‌లో టాంకు పెట్టి, సామాను పెట్టి, మనిషి ఎక్కితే బండి మోయగలిగే బరువు దాదాపు అయిపోతుంది. రెండు మూడు గ్యాలన్లతో సరిపోయే రిన్స్‌లెస్ పద్ధతితో మొదలుపెట్టడం తేలిక. వీధిలోని వాన నీటి కాలవలోకి సబ్బు నీళ్ళు వదలకూడదు. అక్కడి నీరు శుద్ధి కాకుండా నేరుగా వాగుల్లోకి పోతుంది. వ్యాపారంగా చేసేవాళ్ళకి చాలా ఊళ్ళల్లో జరిమానా పడుతుంది. అపార్ట్‌మెంట్లలో చెయ్యాలంటే ఆఫీసు అనుమతి అడగాలి.

కాగితాల పని త్వరగా చెప్పేస్తాను. టెక్సాస్‌లో ఎల్‌ఎల్‌సి రిజిస్ట్రేషన్ ఫీజు 300 డాలర్లు. చిన్న వ్యాపారానికి ఫ్రాంచైజ్ టాక్స్ పడకపోయినా ఏటా మే 15లోగా ఇన్ఫర్మేషన్ రిపోర్ట్ ఇవ్వాలి. సేల్స్ టాక్స్ నియమాలు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకం, మీ రాష్ట్రపు రెవెన్యూ ఆఫీసులో కనుక్కోండి. ఫెడరల్‌గా సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ 15.3 శాతం. ఉద్యోగంలో ఇందులో సగం కంపెనీ కడుతుంది, ఇక్కడ మొత్తం మనదే. ఏప్రిల్, జూన్, సెప్టెంబరు, జనవరి 15 తేదీల్లో అంచనా పన్ను కట్టాలి. ఎన్ని మైళ్ళు తిరిగారో రోజూ రాసుకోండి. 2025లో మైలుకి 70 సెంట్ల చొప్పున ఖర్చు చూపించుకోనిచ్చారు. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు, మీ చేతిలో ఉండగా కస్టమర్ కారుకి నష్టం జరిగితే వర్తించే గ్యారేజ్‌కీపర్స్ కవరేజి ఉందో లేదో అడగండి. మామూలు లయబిలిటీ పాలసీలో అది ఉండకపోవచ్చు. పని మొదలెట్టే ముందు కారు చుట్టూ తిరిగి, ఉన్న గీతలన్నిటికీ కస్టమర్ ఎదురుగానే ఫొటోలు తియ్యండి. తర్వాత మాటామాటా రాదు.

ఒక్క మాటతో ముగిస్తాను. ఇండియాలో కారు కడిగే మనిషికి నెలకి ఇంతని ఇచ్చిన అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ లెక్కతో ఇక్కడి శ్రమని తూచకండి. ఈ పని మొదలుపెట్టిన అక్కయ్యో అన్నయ్యో మీ ఇంటికి వస్తే, బేరమాడే ముందు ఇవాళ మనం వేసిన లెక్క ఒక్కసారి గుర్తుచేసుకోండి. మొదలుపెట్టే వాళ్ళు ఈ వారాంతం ఒక పని చెయ్యండి: మీ సొంత కారుకి పూర్తి డీటెయిల్ చేసి, గడియారం చూసి ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి. ధర పెట్టడం ఆ అంకె నుంచే మొదలవుతుంది.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. సెలవు.