పొగచూరిన విందు

మా చిన్నతనంలో పాలు పొగచూరితే ఇంట్లో పెద్ద రభస జరిగేది. "పొయ్యిలో పచ్చిపుల్ల పెట్టిందెవరు?" అని అమ్మ వంటింట్లోంచి కేక వేసేది. ఆ పాలతో కాఫీ కలిపితే నాన్నగారు ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేవారు. పొగచూరడమంటే మన వంటింట్లో తప్పు కిందే లెక్క. అటువంటిది, పొగచూరడమే పరమరుచి అని ఊరేగే వూరు ఒకటి వున్నదంటే పాఠకులు నమ్ముతారా? నేనూ నమ్మలేదు. పోయిన వేసవి సెలవుల్లో కళ్ళారా చూసి, నోరారా తిని వచ్చాను.

ఆ వూరి పేరు కాన్సస్ సిటీ. అమెరికా దేశానికి ఇంచుమించు నట్టనడుమ, మిస్సోరీ, కాన్సస్ నదులు కలిసేచోట వున్నది. రెండు రాష్ట్రాల సరిహద్దు వూరి మధ్యగా పోతుంది. అందుచేత పేరు ఒకటే అయినా వూళ్ళు రెండు. మిస్సోరీ వైపున్నది పెద్దది, జనాభా 5 లక్షలు. శివార్లన్నీ కలుపుకొంటే 22 లక్షల దాకా వుంటారు. మా తమ్ముడు కాన్సస్ వైపు ఓవర్‌లాండ్ పార్క్ అనే శివారులో కాపురముంటున్నాడు. ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలానే వున్నాయి.

వెళ్ళిన మూడోరోజు రాత్రి మా ఆవిడా, మరదలూ నిద్రపోయాక తమ్ముడు నన్ను వసారాలోకి పిలిచాడు. "అన్నయ్యా, రేపు నిన్నొకచోటికి తీసుకుపోతాను. కానీ నేనక్కడ ఏం తింటానో అమ్మకు మాత్రం చెప్పకు" అన్నాడు. నలభై యేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి! నాకు నవ్వాగలేదు. సంగతేమిటంటే, ఈ వూరి బార్బెక్యూలో పెద్దపీట గొడ్డుమాంసానిది. మా ఇంట్లో అది ముట్టరు. నేను కోడికీ, మేకపోతుకీ కట్టుబడి వుండే మనిషిని. కనుక ఈ వ్యాసంలో గొడ్డుమాంసం రుచి గురించి చెప్పేదంతా మా తమ్ముడి నాలుక ప్రమాణంగా చెబుతున్నదే!

అసలు బార్బెక్యూ అంటే

మన వీధి మొగలో చీకులు కాల్చినట్టు నిప్పుల మీద పెట్టి పది నిమిషాల్లో తీసేది కాదు ఇది. కరీబియన్ దీవుల్లో తైనో అనే ఆదివాసులు కర్రలతో మంచె కట్టి, దానిమీద మాంసం పరిచి, కింద మంట పెట్టేవారట. స్పెయినువాళ్ళు ఆ మాటను బార్బకోవా అని పట్టుకుపోయారు. అదే తిరిగి తిరిగి బార్బెక్యూ అయింది.

కాన్సస్ సిటీలో ఇటుకలతో కట్టిన పెద్ద గూడు వుంటుంది. అందులో హికరీ కట్టెలూ, ఓక్ కట్టెలూ రాజేస్తారు. వేడి 110 డిగ్రీల సెంటీగ్రేడుకు అటూ ఇటూగా, అంటే నీళ్ళు మరిగే వేడికి కొంచెం పైన వుండాలి. అందులో మాంసాన్ని పది, పన్నెండు, ఒక్కొక్కప్పుడు పద్నాలుగు గంటలు వదిలేస్తారు. ఎందుకింత సేపు అంటే, బ్రిస్కెట్ అనే రొమ్ముభాగం పశువు బరువు మోసే చోటు. అక్కడి కండ తోలులా గట్టిగా వుంటుంది. కండను పట్టివుంచే కొలాజెన్ అనే పదార్థం నిదానంగా వేడి తగిలితేనే కరిగి జిగురవుతుంది. తొందరపడితే ఎండిపోతుంది తప్ప మెత్తబడదు. ఈ సంగతి విని మా ఆవిడ, "ఇంతేనా! మనవాళ్ళు రాత్రంతా సన్నసెగ మీద పాయా కాచినట్టే కదా" అని ఒక్కమాటలో తేల్చేసింది. శాస్త్రం ప్రకారం ఆ మాటలో తప్పేమీ లేదు.

శనివారం చిక్కు

తమ్ముడు తీసుకుపోయింది ఇంటికి దగ్గర్లోనే వున్న ఒక శివారు హోటలుకు. ఆవేళ శనివారం. మా ఆవిడ శనివారం మాంసం ముట్టదు. "వదినా, చిక్కుడుగింజల కూర వుంది, అది తినండి" అని మరదలు తెప్పించింది. తియ్యగా, పొగవాసనతో వున్న ఆ కూర రెండు చెంచాలు తినేసరికి, మూడో చెంచాలో మాంసం పీచు కనిపించింది. ఆవిడ ముఖం చూడాలి! పళ్ళెం అవతలికి నెట్టి, వెంకటేశ్వరస్వామికి లెంపలు వేసుకున్నది. వడ్డించిన పిల్లను అడిగితే, "ఆ కూరలో ఎప్పుడూ మాంసం ముక్కలు వేస్తామండీ, అందరికీ తెలిసిందే" అన్నది. అందరికీ తెలిసినది మాకు తెలియదు! శాకాహారులు గుర్తుంచుకోవలసిన మొదటి పాఠమిది. బార్బెక్యూ హోటళ్ళలో బీన్స్ కూరలో మాంసం లేదని నమ్మకండి. బంగాళాదుంప వేపుడు ఏ కొవ్వులో వేయిస్తారో కూడా అడిగి తెలుసుకోండి. క్యాబేజీ పచ్చడి లాంటి కోల్‌స్లా, ఊరగాయ దోసకాయ, రొట్టె వీటిలో మామూలుగా మాంసం వుండదు.

ఆ సాయంత్రం తమ్ముడి ఆఫీసులో పనిచేసి రిటైరయిన నల్లజాతి పెద్దమనిషి ఒకాయన చూడవచ్చారు. ఎక్కడ తిన్నారని అడిగారు. చెప్పాం. ఆయన చిరునవ్వు నవ్వి తమ్ముడి వైపు తిరిగారు.

"నువ్వీ వూరొచ్చి ఎన్నేళ్ళయింది?"

"పన్నెండేళ్ళు."

"బ్రూక్లిన్ అవెన్యూ ఇక్కడికెంత దూరం?"

"కారులో అరగంట."

"అయితే అరగంట దారికి పన్నెండేళ్ళు పట్టిందన్నమాట!"

తమ్ముడు తలవంచుకున్నాడు. "అటువైపు మంచిది కాదని వచ్చిన కొత్తలో ఎవరో చెప్పారు. తర్వాత ఎప్పుడూ వెళ్ళలేదు" అన్నాడు. "ఆ చెప్పినవాళ్ళు ఎప్పుడైనా వెళ్ళారా?" అన్నారాయన. దానికి జవాబు లేదు. మర్నాడు మమ్మల్ని తానే తీసుకువెళతానన్నారు.

ట్రూస్ట్ దాటితే

ఈ వూళ్ళో ఉత్తరం నుంచి దక్షిణానికి ట్రూస్ట్ అవెన్యూ అని ఒక పెద్ద వీధి వున్నది. చాలాకాలం దానికి తూర్పున నల్లవారు, పడమట తెల్లవారు. ఇది దానంతట అదే ఏర్పడిన ఏర్పాటు కాదు. 20వ శతాబ్దం మొదటి సగంలో జె.సి. నికల్స్ అనే స్థలాల వ్యాపారి అందమైన పేటలు కట్టి, నల్లవారికి అమ్మరాదని దస్తావేజుల్లోనే షరతు రాయించాడు. అటువంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని 1948లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాగితం మీది గీత చెరిగినా, మనసులోది అంత తొందరగా చెరగలేదు. 2020లో వూరివాళ్ళు ఒక ఫౌంటెన్‌కూ, ఒక రోడ్డుకూ వున్న అతని పేరు తీసేశారు.

ఇప్పుడు తమాషా చూడండి. ఏ వైపుకు పోవద్దని పెద్దమనుషులు పిల్లలకు చెప్పుకొన్నారో, ఈ వూరికి లోకమంతా పేరు తెచ్చిన వంట పుట్టి పెరిగింది ఆ వైపునే!

హెన్రీ పెరీ అనే నల్లజాతి వంటవాడు 1874లో టెనెసీ రాష్ట్రంలో మెంఫిస్ దగ్గర పుట్టాడు. నదిలో తిరిగే స్టీమరు వంటశాలల్లో పనిచేస్తూ 1907లో కాన్సస్ సిటీ చేరాడు. మరుసటేడు ఒక సందులో బండి పెట్టి, కాల్చిన మాంసం పాత వార్తాపత్రికల్లో చుట్టి 25 సెంట్లకు అమ్మాడు. అప్పట్లో ఈ వూళ్ళో బ్రహ్మాండమైన పశువుల సంత వుండేది. 1871లో మొదలై 1991లో మూతపడిన ఆ సంత, ఒకప్పుడు షికాగో తర్వాత దేశంలోకెల్లా పెద్దది. మేలైన ముక్కలు పెద్ద హోటళ్ళకు పోయేవి. గట్టిముక్కలూ, పక్కటెముకలూ చవగ్గా దొరికేవి. ఎవరూ కోరని ఆ ముక్కలకు పొగనూ, ఓపికనూ జోడించాడు పెరీ. తర్వాత 19వ వీధిలో పాత ట్రాము షెడ్డులో దుకాణం పెట్టాడు. వూరు రెండుగా చీలివున్న ఆ రోజుల్లోనే అతని దుకాణానికి నల్లవారూ, తెల్లవారూ వచ్చేవారు. 1940లో అతను చనిపోయాడు. కానీ పొయ్యి ఆరలేదు.

మూడు దుకాణాలు, మూడు తీరులు

పెరీ దగ్గర పనిచేసిన చార్లీ బ్రయంట్ దుకాణం అందుకున్నాడు. 1946లో అది తమ్ముడు ఆర్థర్ చేతికి వచ్చింది. పెరీ చేసే పులుసు కళ్ళ నీళ్ళు తెప్పించేటంత ఘాటుగా వుండేదట. ఆర్థర్ దాన్ని కొంత తగ్గించాడు. ఆయన 1982లో కాలం చేసినా, బ్రూక్లిన్ అవెన్యూలోని ఆర్థర్ బ్రయంట్స్ ఆయన పేరుతోనే నడుస్తున్నది. ట్రూమన్, కార్టర్, ఒబామా వంటి అధ్యక్షులు ఇక్కడికి వచ్చి తిన్నారు. ఈ వూరిలోనే పుట్టిన రచయిత కాల్విన్ ట్రిలిన్, లోకంలో ఇంతకు మించిన భోజనశాల లేదని 1972లో రాసినప్పటినుంచి దూరదేశాలవాళ్ళూ వెతుక్కుంటూ వస్తున్నారు.

ఇంత పేరున్న చోట నేను తెల్లటి మేజా గుడ్డలు వుంటాయనుకున్నాను. లోపల మామూలు బల్లలు, కుర్చీలు. వరసలో నిలబడి కిటికీ దగ్గర చెప్పుకోవాలి. లోపలి మనిషి తెల్లరొట్టె మీద మాంసం గుప్పెళ్ళతో పేర్చి, పైన ఇంకో రొట్టె పెట్టి ఇస్తాడు. నేను టర్కీకోడి అడిగాను. ఆ ఎర్రటి పులుసు తియ్యన కాదు. సిర్కా పులుపూ, మిరప కారమూ కలిసి, నాలుకకు కొంచెం గరగరలాడుతూ, ఎక్కడో మన పచ్చిపులుసుకు చుట్టరికం వున్నట్టే తోచింది.

తమ్ముడు "బర్న్‌ట్ ఎండ్స్" తెప్పించుకున్నాడు. అంటే బ్రిస్కెట్ అంచున నల్లగా మాడిన ముక్కలు. "పైన అడుగంటిన మీగడలా కరకర, లోపల వెన్న" అని కళ్ళు మూసుకుని చెప్పాడు. పక్కన పెద్దాయన నవ్వారు. "మా చిన్నప్పుడు ఇవి అమ్మేవారు కాదు. కోసేటప్పుడు పక్కకు తోసేవారు. వరసలో వున్నవాళ్ళు ఉత్తినే ఏరుకుని తినేవాళ్ళం. మా నాన్న పశువుల సంతలో కూలీ. ఆయనకు జీతం అందని వారాల్లో నేను ఈ వరసలో చాలాసేపు నిలబడేవాణ్ణి" అన్నారు. ఆయన ఆ మాట మామూలుగానే అన్నారు. మా తమ్ముడు మాత్రం నోట్లో ముక్క వెంటనే మింగలేకపోయాడు. ఒకనాడు ఉత్తినే ఇచ్చిన ఆ మాడుముక్కలే ఇవాళ వూరంతా గిరాకీ వున్న వంటకం.

రెండోది గేట్స్. 1946లో జార్జి గేట్స్, ఆర్జీలియా దంపతులు కొన్న చిన్న హోటలుతో మొదలైంది. అక్కడి వంటవాడు ఆర్థర్ పింకార్డు కూడా పెరీ దగ్గర పనిచేసినవాడే. అంటే రెండు దుకాణాలూ ఒకే గురువు శిష్యులవి! గేట్స్ తలుపు తీయగానే "హాయ్, మే ఐ హెల్ప్ యూ?" అని లోపల్నించి గట్టిగా కేక వినిపిస్తుంది. మొదటిసారి మా ఆవిడ ఉలిక్కిపడింది. తడబడకుండా వెంటనే ఏం కావాలో చెప్పెయ్యాలి. ఇక్కడ మన తెలుగువాళ్ళకు శుభవార్త, జాబితాలో మటన్ వున్నది.

మూడోది కాన్సస్ వైపు వున్న జోస్. 1996లో పెట్రోలు బంకులో పెట్టిన దుకాణం ఇది. ఇప్పటికీ బంకులోనే వున్నది. ఒకవైపు కార్లకు పెట్రోలు, మరోవైపు మనుషులకు భోజనం. మధ్యాహ్నం వెళితే వరస గుమ్మం దాటి బయటికి వస్తుంది. పదకొండింటికే చేరుకోవడం మంచిది.

పెద్దవాళ్ళతో, పిల్లలతో తీరిగ్గా కూర్చుని తినాలంటే జాక్ స్టాక్ వున్నది. గొర్రె పక్కటెముకలు అక్కడ దొరుకుతాయి. కాస్త ఖర్చెక్కువ.

ఈ నాలుగింటిలో ఏది గొప్ప అని నన్నడిగితే, మొదట బ్రయంట్స్ అంటాను. అక్కడికి దగ్గర్లోనే 18వ వీధీ, వైన్ వీధీ కలిసేచోట జాజ్ సంగీతానికీ, నల్లజాతి బేస్‌బాల్ ఆటగాళ్ళకీ మ్యూజియాలు వున్నాయి. తిన్నది అరిగేదాకా అవి చూసి రావచ్చు. పిల్లల్ని తప్పక తీసుకువెళ్ళండి. ఆ వంట ఎవరి చేతిదో, ఎందుకు ఆ వీధిలోనే పుట్టిందో వాళ్ళకు తెలియాలి.

మేము బయలుదేరే ముందు ఆదివారం తమ్ముడు ఎవరూ చెప్పకుండానే కారు తూర్పువైపు తిప్పాడు. ఈసారి మరదల్నీ, పిల్లలిద్దర్నీ ఎక్కించాడు. వరసలో నిలబడి పిల్లలకు పెరీ కథ తనే చెప్పడం విన్నాను. సందులో బండి, వార్తాపత్రికల పొట్లాలు, ఆఖరికి పెద్దాయన ఏరుకుతిన్న మాడుముక్కల సంగతి కూడా.

అంతలో తమ్ముడి ఫోను మోగింది. ఇండియా నుంచి అమ్మ. "ఏం తింటున్నార్రా?" అన్నది. తమ్ముడు ముద్దాయిలా నా వైపు చూశాడు. నేనే ఫోను తీసుకుని, "కాల్చిన కోడమ్మా" అన్నాను. నా పళ్ళెం మటుకు అది నిజమే.

అమ్మ ఒక్క క్షణం ఆగి అన్నది కదా, "కాల్చిందా? జాగ్రత్తరా, పొగచూరిందేమో వాసన చూసి తినండి!"