కామెర్లు రాని కాలేయ వ్యాధి

ఉప్పాడ తీరంలోనైనా, కోనసీమ లంకల్లోనైనా ఒకరికి కళ్లు పచ్చబడితే పేటంతా తలో మాటా చెబుతుంది. ఫలానా ఊళ్లో పసరు పోస్తారు, ఫలానా చోట వాత పెడతారు, నూనె ముట్టకు, ఉప్పు మానెయ్. పది రోజుల్లో పచ్చదనం తగ్గితే పుణ్యమంతా పసరుకే దక్కుతుంది. నీటి ద్వారా సోకే హెపటైటిస్-ఎ చాలామందికి ఏ మందూ లేకుండానే నయమవుతుందన్న సంగతి ఎవరికీ పట్టదు.

ఈ అలవాటు వల్ల మన మనసుల్లో ఒక లెక్క స్థిరపడిపోయింది. కామెర్లు వస్తే కాలేయానికి జబ్బు చేసినట్టు, రాకపోతే అంతా బాగున్నట్టు. హెపటైటిస్-బి విషయంలో ఈ లెక్క తప్పుతుంది. పుట్టుకతోనే అది సోకిన మనిషికి ఏళ్ల తరబడి కళ్లు పచ్చబడవు, ఆకలి మందగించదు, వేటకు వెళ్లే ఓపికా తగ్గదు. కొందరిలో ఏ నలభయ్యో ఏటో పొట్టలో నీరు చేరాకే జబ్బు బయటపడుతుంది. మరి అన్నేళ్లూ ఒంట్లోని రోగనిరోధక శక్తి ఏం చేస్తున్నట్టు?

సహనం అలవాటైన అవయవం

పెద్దవాళ్ల కాలేయం సుమారు కిలోన్నర బరువుంటుంది. దానికి చేరే రక్తంలో దాదాపు ముప్పాతిక వంతు పేగుల నుంచి పోర్టల్ సిర ద్వారా వస్తుంది. మధ్యాహ్నం తిన్న చేపల పులుసు తాలూకు ప్రోటీన్ తునకలు, పేగుల్లోని బ్యాక్టీరియా విడిచిన పదార్థాలు ముందుగా చేరేది ఇక్కడికే. కనబడిన ప్రతి పరాయి పదార్థం మీదా విరుచుకుపడితే కాలేయం ఒక్క రోజు కూడా నిలవదు. అందుకే అక్కడి రక్తనాళాల్లో కాపురముండే కుప్ఫర్ కణాలు చెత్తను మింగేస్తూనే, చీటికీమాటికీ మంట రేగకుండా కాచుకుంటాయి.

ఈ సహనం ఎంత గట్టిదో 1969లో శస్త్రవైద్యుడు రాయ్ కాల్న్ బృందం ఇంగ్లండులో చూపించింది. ఒక పంది కాలేయాన్ని మరో పందికి అమర్చినప్పుడు, నిరోధక శక్తిని అణిచే మందులు ఇవ్వకపోయినా ఎన్నో పందుల్లో అది నిలిచింది. మనల్ని రోజూ కాపాడే ఈ గుణమే హెపటైటిస్-బి వైరస్‌కు కలిసొస్తుంది.

కణాన్ని చంపేది ఎవరు?

ఈ వైరస్ కాలేయ కణాన్ని నేరుగా చంపదు. కేంద్రకంలో దూరి, తన డీఎన్‌ఏను చిన్న వలయంగా మార్చుకుని, ఆ కణం చేతే తన ప్రతులు తయారు చేయించుకుంటుంది. కణం బతికే ఉంటుంది. వైరస్ ప్రోటీన్ ముక్కలు కణం పైపొర మీద కనబడగానే రోగనిరోధక వ్యవస్థలోని టి-కణాలు గుర్తుపట్టి, వైరస్‌తో పాటు ఆ కణాన్నీ నాశనం చేస్తాయి. చచ్చిన కణాల నుంచి ఒక ఎంజైము రక్తంలోకి కారుతుంది. రక్తపరీక్ష కాగితంలో ఎస్‌జీపీటీ అని ఉండేది అదే. ఒక్కసారిగా చాలా కణాలు దెబ్బతింటే బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పేరుకుని కళ్లు పచ్చబడతాయి. అంటే కొత్తగా సోకినప్పుడు వచ్చే కామెర్లు మన రక్షణ వ్యవస్థ పోరాడుతోందన్న కబురు.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఈ వైరస్ సోకితే నూటికి 95 మందికి పైగా దాన్ని వదిలించుకుంటారు. అదే పురిట్లో తల్లి నుంచి బిడ్డకు సోకితే, నూటికి 90 మందిలో అది తిష్ఠ వేస్తుంది. పసికందు టి-కణాలకు ఇంకా అనుభవం లేదు. పైగా కాలేయం సహజంగానే సర్దుకుపోయే చోటు. దాంతో పోరాటమే మొదలవదు, కామెర్లూ రావు.

వయసొచ్చాక టి-కణాలు అప్పుడప్పుడూ మేలుకుంటాయి. కానీ అప్పటికే అలసిపోయి ఉంటాయి. కొన్ని కణాలను చంపగలవే తప్ప వైరస్‌ను తుడిచిపెట్టలేవు. అలా దెబ్బ తగిలిన ప్రతిసారీ, మామూలుగా విటమిన్-ఎ దాచుకునే స్టెల్లేట్ కణాలు కొల్లాజెన్ నారలు అల్లడం మొదలుపెడతాయి. చిరిగిన చోటల్లా దారం ముడేస్తూ పోతే వల కళ్లు పూడుకుపోయి నీరు దిగనట్టే, కాలేయంలో మచ్చలు పెరిగి రక్తం సాఫీగా పారదు. అదే సిర్రోసిస్. కొందరిలో అది క్యాన్సర్‌కు దారితీస్తుంది.

ఈ జబ్బుకు ఇచ్చే టెనోఫోవిర్ మాత్రలు వైరస్ ప్రతులు పెరగకుండా ఆపుతాయి కానీ కేంద్రకంలోని వలయాన్ని చెరపలేవు. అందుకే డాక్టరు చెప్పకుండా మాత్రలు మానేస్తే జబ్బు ఒక్కసారిగా ఎగదన్నవచ్చు. కాలేయాన్ని గాయపరచకుండా అలసిన టి-కణాలను మళ్లీ ఎలా లేపాలన్నది ఇప్పుడు పరిశోధకుల ముందున్న పెద్ద ప్రశ్న.

హైదరాబాద్ నుంచి వచ్చిన టీకా

నయం చేయడం కష్టమైన ఈ జబ్బును ఆపడం మాత్రం తేలికే. 1960లలో శాస్త్రవేత్త బరూక్ బ్లంబర్గ్ ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో కనుగొన్న ప్రోటీన్ ఈ వైరస్ పైపొరదని తర్వాత తేలింది. 1976లో ఆయనకు నోబెల్ వచ్చింది. టీకాలో ఉండే వైరస్ భాగం ఆ ప్రోటీన్ ఒక్కటే. ఈస్ట్ కణాల్లో పండిస్తారు కాబట్టి అందులో వైరస్ ఉండదు.

విదేశీ టీకా ధర సామాన్యుడికి అందని రోజుల్లో, నెల్లూరు జిల్లాకు చెందిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. 1997 ఆగస్టులో ఆ సంస్థ విడుదల చేసిన షాన్‌వాక్-బి, ఇలా కణాల్లో పండించే రీకాంబినెంట్ పద్ధతిలో మన దేశంలో తయారైన తొలి టీకా. ధరలు దిగొచ్చాయి. 2007-08లో ఆంధ్రప్రదేశ్‌తో సహా పది రాష్ట్రాల్లో, 2011-12లో దేశమంతటా పిల్లల ఉచిత టీకాల్లో హెపటైటిస్-బి చేరింది.

తొలి రోజే కీలకం

బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు ఎడమ తొడకు అర మిల్లీలీటరు ఇంజక్షన్. వైరస్ కాలేయంలో స్థిరపడేలోపే ప్రతిరక్షకాలు తయారవ్వాలి కాబట్టే ఇంత తొందర. తల్లికి వైరస్ ఉందని తెలిస్తే బిడ్డకు తయారుగా ఉన్న ప్రతిరక్షకాల ఇంజక్షన్, ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇవ్వాలి. ఆ తర్వాత 6, 10, 14 వారాలకు హెపటైటిస్-బి కూడా కలిసిన పెంటావాలెంట్ టీకాలు తప్పనిసరి.

మన వైపు తొలి కాన్పు పుట్టింట్లో. పరీక్షలేమో అత్తవారి ఊళ్లో జరిగి ఉంటాయి. పురిటికి వచ్చే అమ్మాయి తన తల్లీబిడ్డల కార్డు వెంట తెచ్చుకుని, కాన్పు చేసేవారికి హెపటైటిస్-బి ఫలితం చూపించాలి. వైరస్ ఉన్న తల్లి తన బిడ్డకు టీకా వేయించి నిశ్చింతగా పాలివ్వవచ్చు. ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా ఇది అంటదు. ఒకరికి వాడిన సూది, బ్లేడు మరొకరికి వాడితే అంటుతుంది. లైంగికంగానూ సోకుతుంది.

పిల్లల ఉచిత టీకాల్లో హెపటైటిస్-బి చేరకముందు పుట్టినవాళ్లంతా, కామెర్లు వచ్చినా రాకపోయినా, ఒక్కసారి హెపటైటిస్-బి రక్తపరీక్ష చేయించుకోవాలి. లేదని తేలితే మూడు మోతాదుల టీకా వేయించుకోవచ్చు. ఉందని తేలితే భయపడక్కర్లేదు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. మచ్చలు ముదరకముందే మందు మొదలుపెడితే కాలేయం నిలబడుతుంది. కళ్లు పచ్చబడేదాకా ఆగితే ఆ అవకాశం చేజారిపోతుంది.