డిజిటల్ చేవ్రాలు - పట్టాల ప్రామాణ్యము

తెనుఁగున ‘చేవ్రాలు’, సంస్కృతమున ‘హస్తాక్షరము’, పారసీకమునుండి వచ్చిన ‘దస్తకతు’ - ఈ మూఁడింటి యవయవార్థ మొక్కటియే: చేతివ్రాఁత. ఇప్పుడు విశ్వవిద్యాలయము లొసఁగు పట్టాలలో హస్తసంబంధము లేని చేవ్రాలు ప్రవేశించినది. ప్రొద్దుటూరున యోగివేమన విశ్వవిద్యాలయమువారి ఇంజనీరింగు కళాశాలయు, పులివెందులలో అనంతపురపు జే.ఎన్.టి. విశ్వవిద్యాలయమువారి కళాశాలయు నున్నవి. అట్టి కళాశాలల విద్యార్థులు దూరదేశముల కేఁగినప్పుడు వారి పట్టాలను జూచువా రిక్కడి యధికారుల నెఱుఁగరు. కావున నీ చేవ్రాలు స్వరూపము విచారింపఁదగినది.

శాసనములు మనకుఁ గ్రొత్తవి కావు. జమ్మలమడుగు ప్రాంతమున ఎఱ్ఱగుంట్ల మండలమందలి కలమళ్ల శిలాశాసనము, రేనాటిచోళుఁడగు పుణ్యకుమారుని మాలేపాడు తామ్రశాసనము ప్రసిద్ధములు. రాజశాసనమున ముద్ర, స్వహస్తము, కాలము నుండవలెనని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. రాగిఱేకులను గడియమునఁ గ్రుచ్చి దాని కొనలను ముద్రతోఁ గలుపుటకుఁ బ్రయోజనములు రెండు: దాత యెవ్వఁడో తెలియుట, నడుమ వేఱొక ఱేకు చేరకుండుట. అయినను గూటశాసనములు పుట్టకపోలేదు. ముద్ర ఱేకులను గట్టును గాని ఱేకుమీఁది యక్షరమును గట్టదు.

డిజిటల్ చేవ్రాలు అక్షరమునే కట్టును. ఎట్లనఁగా, పట్టా దస్త్రము నంతను గంప్యూటరు గణితప్రక్రియచే నొక చిన్న సంఖ్యగా మార్చును. దీనిని హాష్ అందురు. ప్రసిద్ధమైన యొక పద్ధతిలో నిది 256 బిట్ల పరిమాణము గలది. వేదరక్షణకై పూర్వులు అక్షరములను లెక్కించిరి. కాని రెండక్షరములు తాఱుమాఱైనను లెక్క మాఱదు. హాష్ అట్లు కాదు. ‘ద్వితీయ’ యనుచోట ‘ప్రథమ’ యని దిద్దినచో సంఖ్య వేఱగును. అధికారి తనకు మాత్రమే తెలిసిన రహస్యపుఁ దాళపుచెవితో నీ సంఖ్యపైఁ జేవ్రాలు చేయును. దాని జతయగు బహిరంగపుఁ దాళపుచెవితో నెవ్వరైనను బరీక్షింపవచ్చును. చేవ్రాలు చేయుట కది పనికిరాదు.

ఆ బహిరంగపుఁ దాళపుచెవి ఫలానావారిదే యనుటకుఁ బ్రమాణ మేమి? డిజిటల్ సర్టిఫికెట్టు. ఇది విద్యార్థి యోగ్యతను గాక, చేవ్రాలు చేసినవా రెవరో చెప్పును. దీని నొసఁగు సంస్థలకు భారతప్రభుత్వపుఁ గంట్రోలరు అనుమతి నిచ్చును. ప్రమాణమునకుఁ బ్రమాణము వెదకుచుఁ బోయిన ననవస్థ కలుగును గదా. కంట్రోలరు మూలసర్టిఫికెట్టుకడ నా పరంపర నిలుచును.

2000 సంవత్సరపు సమాచారసాంకేతిక చట్టము డిజిటల్ చేవ్రాలునకు శాసనసమ్మతి నిచ్చినది. 2008 సవరణ ‘ఎలక్ట్రానిక్ చేవ్రాలు’ అను సామాన్యమును జేర్చి, డిజిటల్ చేవ్రాలును దానిలో విశేష మొనర్చినది. డిజిలాకరు 2015లోను, నేషనల్ అకడమిక్ డిపాజిటరీ 2017లోను ఆరంభమయ్యెను. డిజిలాకరునఁ జారీయైన పట్టాలను జెల్లునవిగా నంగీకరింపుఁడని యూజీసీ 2022లో విద్యాసంస్థలను గోరినది.

ఇందు మూఁడు భేదము లెఱుఁగవలెను. చేవ్రాలు చిత్రమును బట్టాపై నతికించినచో నది చిత్రమే. డిజిటల్ చేవ్రాలు కాదు. దస్త్రమును గాగితముపై నచ్చొత్తించినచో గణితబంధము కాగితమున రాదు. పరీక్ష దస్త్రమునందే చేయవలెను. మూఁడవది ముఖ్యము. ముద్రారాక్షసమున రాక్షసుని యుంగరము నిజమైనది, దానితో ముద్రించిన లేఖయే కూటము. ఉంగరము చాణక్యుని చేతఁ బడుటయే కారణము. రహస్యపుఁ దాళపుచెవిని గుమాస్తా కప్పగించిన యధికారి గతియు నదియే. గణితము తాళపుచెవిని గుర్తించును గాని, దానిని బట్టిన చేతిని గుర్తింపదు.

మఱి దీనిని ‘చేవ్రాలు’ అనవచ్చునా? కుశలశబ్దము దర్భలు కోయువానిని విడిచి నేర్పరియందు రూఢమైనది. అట్లే యిదియు హస్తమును విడిచి సమ్మతియందు రూఢమగుటకు బాధ లేదు. వ్రాసిన చేయి గాక, ‘ఇది నాది’ యని యొప్పుకొను బాధ్యతయే పూర్వమును జేవ్రాలునకుఁ బ్రాణము. ఆ బాధ్యతను యంత్రమున కప్పగింప వీలులేదు.