పాలపండ్లు వచ్చు కాలము

కతారు దేశమునకు కూలిపనికై పోయిన తెలుగువారిలో జగిత్యాల, నిజామాబాదు, కరీంనగరు ప్రాంతములవారు అనేకులు. వారిలో పెక్కుమంది భార్యాబిడ్డలను ఇంటివద్దనే విడిచి పోవుదురు. బిడ్డకు చిగుళ్లు వాచినవనియు, రాత్రులు నిద్రలేక యేడ్చుచున్నదనియు ఫోనులో విన్న తండ్రి, దోహా నగరపు అంగడిలో ఒక మందుగొట్టము కొని, సెలవుమీద వచ్చు స్నేహితునిచేత పంపును. ఆ ప్రేమను ఎవరు తప్పు పట్టగలరు? అయినను దానిపై బెంజోకెయిన్ అను పేరున్నదేమో మొదట చదివించి చూడవలెను.

ఇది చిగుళ్లకు తిమ్మిరి యెక్కించు మందు. రెండేండ్లలోపు బిడ్డల పండ్లనొప్పికి దీనిని వాడరాదని అమెరికా ఔషధ శాఖవారు 2018 మే నెలలో హెచ్చరించిరి. అరుదుగానైనను ఇది రక్తమునకు ప్రాణవాయువును మోయు శక్తిని తగ్గించును. పెదవులు నీలవర్ణమై ప్రాణాపాయము కలుగవచ్చును. చొంగతో నిమిషములలో కొట్టుకొనిపోవు మందునకు ఇంత వెల యేల?

పొడుల సంగతి మరియు చెడ్డది. పూర్వము ఇంగ్లండులో బిడ్డల పండ్లపొడులలో పాదరసము కలిపెడివారు. చేతులు కాళ్లు ఎఱ్ఱబారి, వేదనపడిన శిశువులెందరో. 1950వ దశకమున ఆ పొడులు తొలగింపబడిన పిమ్మట ఆ వ్యాధి దాదాపు మాయమయ్యెను. అరబ్బు దేశములలో వాడు కొన్ని నాటుపొడులలో సీసము కనుగొనబడినది. మన తేనెయు ఏడాది నిండని బిడ్డకు తగదు. అందు ఒక్కొక్కప్పుడుండు సూక్ష్మజీవుల బీజములు శిశువు ప్రేగులలో విషము పుట్టించును.

తల్లి చేతులు కడుగుకొని, శుభ్రమైన వ్రేలితో చిగుళ్లను మెల్లగా రుద్దినచో చాలును. చల్లని మంచినీట తడిపిన మెత్తని గుడ్డను నమలనీయవచ్చును. సాధారణముగా ఆరవ నెల ప్రాంతమున క్రింది ముందుపండ్లు వచ్చును. మూడేండ్లకు ఇరువదియు నిండును. మొదటి పన్ను కనబడిననాటనుండి బియ్యపు గింజంత పేస్టుతో దినమునకు రెండుమారులు తోమవలెను. పైపన్ను ముందు వచ్చిన మేనమామకు కీడు అను మాట వట్టిది. మేనమామలు నిశ్చింతగా నుండవచ్చును.

అయితే పండ్లు వచ్చునప్పుడు జ్వరము, విరేచనములు సహజమేయని పెద్దలు చెప్పు మాట మాత్రము బిడ్డలను చంపగలదు. పన్ను వచ్చుటవలన కొద్దిపాటి వెచ్చదనము కలుగవచ్చునుగాని తీవ్ర జ్వరము రాదు. ఆ వయస్సున బిడ్డ చేతికందినదెల్ల నోటబెట్టుకొనును; విరేచనములకు కారణము తరచుగా ఆ మురికియే. ఓఆర్‌ఎస్ నీరు కొంచెము కొంచెముగా త్రాగించుచు, చనుబాలు మానక, ఆసుపత్రికి తీసికొనిపోవలెను. "పన్ను వచ్చిందా?" అని దోహానుండి అడుగు తండ్రి, "మూత్రము సరిగా పోయుచున్నదా?" అనియు అడుగవలెను.