మానేస్తే మళ్లీ మూర్ఛ!

పిల్లాడికి ఫిట్స్ వస్తే చేతిలో తాళాల గుత్తి పెట్టడం మన ఊళ్లలో మామూలే. కాసేపటికి తగ్గితే అదంతా ఇనుము మహిమే అనుకుంటారు. నిజానికి చాలాసార్లు మూర్ఛ రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగిపోతుంది. మళ్లీ రాకుండా చూసేవి మాత్రం మందులే.

1912లో ఫినోబార్బిటాల్, 1938లో ఫెనిటాయిన్ వాడకంలోకి వచ్చాయి. ఆ తర్వాత కార్బమజెపిన్, సోడియం వాల్‌ప్రోయేట్, లెవెటిరాసెటమ్... ఎవరికి ఏది, ఎంత అన్నది మూర్ఛ రకం, వయసు, బరువును బట్టి డాక్టర్లు నిర్ణయిస్తారు. సరిగా వాడితే పదిమందిలో ఏడుగురి దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.

చిక్కల్లా మధ్యలో మానేయడంతోనే. ఆర్నెల్లుగా రాలేదు కదా అని ఒక్కసారిగా ఆపేస్తే, ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. సాధారణంగా రెండేళ్లయినా మూర్ఛ రాకుండా గడిచాకే మోతాదు మెల్లగా తగ్గించే ఆలోచన చేస్తారు డాక్టర్లు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ములకలపల్లి లాంటి అటవీ మండలాల్లో వానాకాలం వాగులు పొంగితే గూడేలకు దారులు మూసుకుపోతాయి. అందుకే అక్కడివాళ్లు మందు సీసా నిండుకోకముందే మరొకటి తెచ్చిపెట్టుకోవాలి.

ఫిట్స్ వస్తే బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు. ఐదు నిమిషాలు దాటితే వెంటనే 108కి ఫోన్ చేయండి.