మెనింజైటిస్: బిడ్డకు చికిత్స, సన్నిహితులకు రక్షణ

మెదడు, వెన్నుపాములను కప్పి ఉండే పొరల వాపును మెనింజైటిస్ అంటారు. జ్వరం, వాంతులు, మెడ బిగుసుకుపోవడం, మగత దీని లక్షణాలు. పసిపిల్లల్లో పాలు తాగకపోవడం, మాడు ఉబ్బడం కూడా గమనించాలి. బాక్టీరియా వల్ల వస్తే ప్రతి గంటా విలువైనదే. వెంటనే ఆసుపత్రిలో సెఫ్ట్రియాక్సోన్ వంటి యాంటీబయాటిక్‌ను నరం ద్వారా ఇస్తారు.

మరి ఆరోగ్యంగా ఉన్న ఇంటివారికి మందు ఎందుకు? మెనింగోకాకస్ అనే బాక్టీరియా జబ్బు కలిగించకుండానే గొంతులో ఉండి, తుంపరల ద్వారా ఇతరులకు చేరగలదు. కనుక ఈ రకం సోకిన బిడ్డతో ఒకే ఇంట్లో ఉన్నవారికి, వీలైతే 24 గంటల్లోగా, వైద్యులు రిఫాంపిసిన్ 2 రోజులు గాని, సిప్రోఫ్లాక్సాసిన్ ఒక్క మోతాదు గాని ఇస్తారు.

హిబ్, న్యుమోకాకస్ అనే మరో రెండు బాక్టీరియాల నుంచి పెంటావాలెంట్, పీసీవీ టీకాలు రక్షిస్తాయి. మన దేశంలో ఇవి 6వ వారం నుంచి ఉచితం.